విమానానికి పెట్రోలు ముల్లు ఉండదా? గాల్లో ఇంధనం ఎలా అయిపోతుంది?

చిత్తూరు నుంచి ఒక అమ్మాయి ఈ ప్రశ్న అడిగింది. తమ్ముడు పైలట్ ట్రైనింగ్‌లో చేరాడట. ఈమధ్య ఎక్కడో ఒక చిన్న విమానం పెట్రోలు అయిపోయి పొలంలో దిగిపడిన వార్త ఇంట్లో అందరూ చూశారు. అప్పటినుంచి వాళ్లమ్మకు కంటి మీద కునుకు లేదు. "మా పాత బండికే ముల్లు ఉంది కదా సార్, విమానానికి ఉండదా? అంత చదివినవాళ్లు పెట్రోలు చూసుకోకుండా ఎలా బయల్దేరతారు? గాల్లో ఇంజన్ ఆగిపోతే ఇక అంతేనా?" అని అడిగింది.

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. విమానానికి ముల్లు ఉంటుంది, కానీ మేము దాన్ని నమ్మి ఎగరం. పెట్రోలు అయిపోయిన పైలట్లలో అసలు చూసుకోనివాళ్లు తక్కువ. ఎక్కువమంది చూసుకున్నవాళ్లే. చూసుకుని, లెక్క కట్టి, దారిలో ఆ లెక్క మారిపోయినా "సరిపోతుందిలే" అనుకుని ముందుకు పోయినవాళ్లు. ఇక ఇంజన్ ఆగగానే విమానం రాయిలా కింద పడిపోదు. చిన్న విమానం చాలా దూరం తేలుతూ వస్తుంది. ఎత్తు ఉండి, కింద చదును నేల ఉండి, తల నిదానంగా ఉంటే బతికి బయటపడే అవకాశం బాగానే ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా సెస్నా, పైపర్ లాంటి చిన్న విమానాల మీద పైలట్లకు నేర్పాను. రిటైరయ్యి ఇప్పుడు తిరుపతిలోనే ఉంటున్నాను. మీ అమ్మగారికి ధైర్యం చెప్పడానికి ఒక్క మాట సరిపోదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ తమ్ముడికి కూడా చదివి వినిపించండి.

ముందు ముల్లు సంగతి. మన మిద్దె మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలుతూ ఉంటుంది చూడండి, విమానం ట్యాంకులోనూ దాదాపు అదే ఏర్పాటు. ఒక బెండు పెట్రోలు మీద తేలుతుంది, దానికి తగిలించిన తీగ ముల్లును కదుపుతుంది. తేడా ఏమిటంటే ట్యాంకు రెక్కలో ఉంటుంది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. తాంబాళంలో నీళ్లు పోసి పట్టుకుని నడిచినట్టు ఉంటుంది లోపల. విమానం కొంచెం వాలితే పెట్రోలంతా ఒక మూలకు జారుతుంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. పాత ట్రైనింగ్ విమానాల్లో ఒక ముల్లు సగం దగ్గరే ఇరుక్కుపోయి ఉండటం, ఇంకోటి ఖాళీకీ పావుకీ మధ్య గెంతుతూ ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. నిండుగా ఉందని ముల్లు చూపిస్తే నమ్మొద్దు, ఖాళీ అని చూపిస్తే మాత్రం నమ్మి తీరాలి అని పిల్లలకు చెప్పేవాణ్ణి.

మరి దేన్ని నమ్ముతాం? కర్రను. డిప్‌స్టిక్ అంటారు. ప్రతిసారీ ఎగిరే ముందు రెక్క పైకి ఎక్కి, మూత తీసి, గీతలు గీసిన ఆ కర్రను ట్యాంకు అడుగు తగిలేదాకా నిలువుగా దించి, తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాం. రేణిగుంటలో మే నెల ఎండలో ఈ పని చేస్తే తెలుస్తుంది. రెక్క మీద చెయ్యి పెట్టలేం, అంత కాలిపోతూ ఉంటుంది. కర్ర బయటికి తీసిన క్షణంలో తడి గీత మెరుస్తుంది, రెండోసారి రెప్ప వేసేలోపు ఆరిపోతుంది. తడి ఉన్నప్పుడే బొటనవేలి గోరు ఆ గీత దగ్గర ఆనించి పట్టుకోవాలి. కుర్రాళ్లు కొత్తలో కర్ర తీసి, కళ్లద్దాలు సర్దుకుని, వెలుతురుకు తిప్పి చూసేసరికి ఏమీ కనిపించదు. అప్పుడు మళ్లీ ముంచాలి. సిగ్గుపడకుండా మళ్లీ ముంచే కుర్రాడు మంచి పైలట్ అవుతాడని నాకు నమ్మకం.

ట్యాంకు అడుగున ఉన్న చిన్న వాల్వు నుంచి కొంచెం పెట్రోలు గ్లాసులోకి పట్టి కూడా చూస్తాం. మేము వాడే ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. అడుగున నీటి బొట్టు ఉంటే గ్లాసులో విడిగా గుండ్రంగా కనిపిస్తుంది. పెద్ద జెట్ విమానాల ఇంధనానికి ఆ నీలం ఉండదు. పొరపాటున మా విమానంలో అది పోస్తే ఇంజన్ చెడిపోతుంది. అందుకే రంగు, వాసన రెండూ చూడాలి.

కర్ర కూడా అబద్ధం చెప్పగలదు, ఆ సంగతి మర్చిపోకూడదు. ఒకరోజు నా స్టూడెంట్ సెస్నా 152 రెక్క దిగి వచ్చి "నిండా ఉంది సార్" అన్నాడు. ముందు రోజు సాయంత్రం అదే విమానం గంటన్నర ఎగిరి వచ్చింది, తర్వాత ఎవరూ నింపలేదు. నిండా ఎలా ఉంటుంది? కర్ర అడిగి తీసుకుని చూశాను. అది పక్కన నిలబెట్టిన సెస్నా 172 కర్ర. ఆ ట్యాంకు కొలతలు వేరు, గీతలు వేరు. ఎవరో తుడిచి రెండు కర్రలూ ఒకే చోట పెట్టారు. కుర్రాడి తప్పు చిన్నదే, కానీ ఆ రోజు ఒంటరిగా సుదూర ప్రయాణానికి పోవాల్సినవాడు. నాలుగు మాటలు అడగకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మధ్యాహ్నమే ప్రతి కర్ర మీదా ఆ విమానం నంబరు పెయింటుతో రాయించాను.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. పైలట్‌కు పెట్రోలు అంటే లీటర్లు కాదు, నిమిషాలు. సెస్నా 152లో మామూలు ట్యాంకులతో ఇంజన్‌కు అందే పెట్రోలు సుమారు 93 లీటర్లు. ట్యాంకులో ఇంకో ఐదారు లీటర్లు ఉంటాయి కానీ అవి ఇంజన్‌కు అందవు. పాత స్కూటర్‌ను పక్కకు వంచితే ఇంకో కిలోమీటరు నడిచేది, గుర్తుందా? అలా అడుగున మిగిలిపోయేదన్నమాట. గాల్లో విమానాన్ని వంచి వాడుకోలేం. ఆ 93 లీటర్లకు గంటకు సుమారు 23 లీటర్లు తాగే ఇంజన్ నాలుగు గంటలు నడుస్తుంది. పుస్తకంలో ఉండే లెక్క ఇదే.

కానీ ఆ 23 అనే అంకె ఎప్పుడు నిజం? పైకి వెళ్లాక పైలట్ ఎర్ర నాబ్ వెనక్కి లాగి, గాలికి తగినంత పెట్రోలు మాత్రమే ఇంజన్‌కు వెళ్లేలా సర్దినప్పుడు. దాన్ని లీన్ చేయడం అంటాం. చాలామంది కొత్తవాళ్లు ఇంజన్ వేడెక్కుతుందేమోనని భయపడి ఆ నాబ్ ముట్టుకోరు. అప్పుడు గంటకు నాలుగు లీటర్లు ఎక్కువ తాగిందనుకోండి, నాలుగు గంటల పెట్రోలు మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలకే అయిపోతుంది. ముప్పావు గంట రిజర్వ్ పెట్టుకున్నాననుకున్నవాడి దగ్గర నిజానికి పది నిమిషాలే ఉంటాయి. అతను ఏమీ మర్చిపోలేదు. ట్యాంకు నింపాడు, మ్యాప్ చూశాడు, భాగహారం సరిగ్గా చేశాడు. ఒక్క నాబ్ ముట్టుకోలేదు.

రిజర్వ్ గురించి ఒక మాట. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం చిన్న విమానం పగటిపూట గమ్యం చేరాక ఇంకా 30 నిమిషాలు, రాత్రిపూట 45 నిమిషాలు ఎగరగలిగేంత పెట్రోలు మిగిలి ఉండాలి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు మాత్రం పగలైనా రాత్రైనా గంట ఉండాలని చెప్పేవాణ్ణి. ఎందుకో చెప్పాలంటే నా సొంత సంగతి చెప్పాలి. ఇంటిబయట ఎక్కువమందికి చెప్పింది కాదు.

తొంభైల్లో, నేను ఇన్‌స్ట్రక్టర్‌గా కొత్తగా చేరిన రోజులు. డిసెంబరు. కర్ణాటక వైపు నుంచి ఒక స్టూడెంట్‌తో సెస్నా 152లో రేణిగుంటకు బయల్దేరాను. దూరం 230 నాటికల్ మైళ్లు, అంటే 425 కిలోమీటర్ల పైచిలుకు. ఇద్దరం ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లమే. బరువు పరిమితి దాటకుండా ట్యాంకులు నిండా నింపకుండా, ఇంజన్‌కు అందేది 80 లీటర్లు ఉండేలా ఆపాం. 90 నాట్ల వేగంతో, అంటే గంటకు 90 నాటికల్ మైళ్లతో, రెండున్నర గంటల ప్రయాణం. పైకి ఎక్కేటప్పుడు తాగే అదనపు పెట్రోలు కలిపినా చేరేసరికి 18 లీటర్లు, అంటే ముప్పావు గంటకు సరిపడా మిగలాలి. కాగితం మీద చక్కగా ఉంది.

ఆ కాలంలో మన వైపు గాలి తూర్పు నుంచి వస్తుంది. మేము పోయేది తూర్పుకే. ఎదురుగాలి కొంత ఉంటుందని తెలుసు, కానీ వాతావరణ రిపోర్టులో చెప్పినదానికంటే బలంగా ఉంది. గంట గడిచాక మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్న చెరువు ఇంకా రాలేదు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. లెక్క వేస్తే నేల మీద మా వేగం 75 నాట్లు. స్టూడెంట్ పెన్సిల్‌తో మళ్లీ లెక్క కట్టి, ఏమీ అనకుండా ప్యాడ్ నా వైపు తిప్పి చూపించాడు.

ఇంకాసేపటికి కిందే ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ వచ్చింది. రన్‌వే ఖాళీగా, పొడుగ్గా, ఎండలో తెల్లగా కనిపిస్తోంది. మా విమానం నీడ దాని మీదుగా జారుకుంటూ పోవడం నాకు ఈ రోజుకీ కళ్ల ముందు కనిపిస్తుంది. "దిగుదామా సార్?" అని అడిగాడు కుర్రాడు. దిగితే అక్కడ ఏవ్‌గ్యాస్ దొరకదు. మన దేశంలో పెద్ద విమానాలకు పోసే ఇంధనం చాలా చోట్ల దొరుకుతుంది కానీ మా చిన్న విమానాలకు కావలసిన పెట్రోలు కొన్ని చోట్లే ఉంటుంది. మా కోసం రేణిగుంటలో డ్రమ్ము తెప్పించి పెట్టారు. ఇక్కడ దిగితే ఎవరో జీపులో డ్రమ్ము వేసుకుని రావాలి, ఒకరోజు పోతుంది, పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో నా తలలో తిరిగాయి. "సరిపోతుందిలే" అన్నాను.

మదనపల్లె దాటేదాకా ఫర్వాలేదు. కింద పొలాలు, చెరువులు, ఎక్కడైనా దిగొచ్చు. పీలేరు దాటి భాకరాపేట వైపు వచ్చేసరికి కింద కొండలు, అడవి. ఘాట్ రోడ్డు సన్నగా దారంలా కనిపిస్తోంది. అక్కడ ఇంజన్ ఆగితే దిగడానికి పలక వెడల్పు చోటు లేదు. రెండు ముళ్లూ ఖాళీ గీత దగ్గర ఊగుతున్నాయి. ఇంజన్ శబ్దం రోజూ వినేదే, అయినా ప్రతి చిన్న తేడా చెవికి కొత్తగా వినిపించింది. మా ఇద్దరి మధ్య పావుగంట మాట లేదు. చంద్రగిరి కోట గుట్ట కనిపించాక, ఆ తర్వాత దూరంగా రన్‌వే కనిపించాక కుర్రాడు గట్టిగా ఊపిరి వదలడం హెడ్‌సెట్‌లో వినిపించింది.

దిగాక ఇంజన్ ఆపేసి నేనే రెక్క ఎక్కి కర్ర ముంచాను. రెండు ట్యాంకుల్లో కలిపి పన్నెండు లీటర్లు. అందులో ఇంజన్‌కు అందేది ఆరేడు లీటర్లు. పదిహేను, పదహారు నిమిషాలు. రేణిగుంట రన్‌వే మీద ఆ పూట ఇంకో విమానం ఆగిపోయి ఉన్నా, మమ్మల్ని ఇంకాసేపు గాల్లో తిరగమన్నా ఏం జరిగేదో మీరే ఊహించుకోవచ్చు. ప్రమాదం జరగలేదు కాబట్టి ఎక్కడా రికార్డు కాలేదు. కానీ ప్రమాదం జరిగినవాళ్లకూ నాకూ మధ్య తేడా ఆ ఆరు లీటర్లే. నా తెలివితేటలేమీ అందులో లేవు. ఆ కుర్రాడు లెక్క సరిగ్గా కట్టాడు, సరిగ్గానే అడిగాడు. ఇన్‌స్ట్రక్టర్‌ని కదా అని నా మాట నమ్మాడు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మీ ప్రశ్నలో "అంత చదివినవాళ్లు" అన్నారు కదా. అమెరికాలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2017లో దీని మీదే ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2011 నుంచి 2015 వరకు పెట్రోలు విషయంలో జరిగిన పొరపాట్ల వల్ల అక్కడ ఏటా సగటున 50కి పైగా చిన్న విమాన ప్రమాదాలు జరిగాయి. వాటిలో 95 శాతంలో మనిషి తప్పు ఉంది. యంత్రం తప్పు చాలా తక్కువ. ఇంకో సంగతి వింటే మీ అమ్మగారికి కొంచెం ఊరటగా ఉంటుంది. ఆ ప్రమాదాల్లో స్టూడెంట్ పైలట్ల వాటా 2 శాతమే. దాదాపు సగం మంది కమర్షియల్ లైసెన్సు, అంతకంటే పెద్ద లైసెన్సు ఉన్నవాళ్లు. నేర్చుకునేవాడు భయంతో మూడుసార్లు కర్ర ముంచుతాడు. పదేళ్లు ఎగిరినవాడికి "నాకు తెలుసులే" వస్తుంది. కాబట్టి మీ తమ్ముడి గురించి ఇప్పుడు కంటే, అతనికి వెయ్యి గంటలు నిండాక ఎక్కువ జాగ్రత్తగా ఉండమని చెప్పండి.

పెట్రోలు ఉండి కూడా ఇంజన్ ఆగిపోవడం ఇంకో రకం. ఇది చదివినవాళ్లు కూడా కలిపేస్తుంటారు. పాత బైకుల్లో పెట్రోలు కాక్ ఉండేది. బండి దగ్గుతూ ఆగబోతే చెయ్యి కిందికి పోనిచ్చి రిజర్వ్‌కు తిప్పేవాళ్లం. పైపర్ చెరోకీ లాంటి విమానాల్లో కాక్ కుడి ట్యాంకుకో ఎడమ ట్యాంకుకో పెట్టాలి, రెండూ కలిపి తీసుకునే స్థానం ఉండదు. అరగంటకొకసారి మార్చుకుంటూ పోవాలి. మాటల్లో పడి మార్చడం మర్చిపోతే ఒక ట్యాంకు ఎండిపోతుంది, పక్క ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజన్ ఆగుతుంది. సెస్నా 172లో రెండు ట్యాంకులూ కలిపే స్థానం ఉంది, 152లో తెరవడం, మూయడం మాత్రమే. అందుకే సెస్నా మీద నేర్చుకుని పైపర్‌కు మారినవాళ్లు ఈ తప్పు చేస్తారు. ఇంజన్ దగ్గగానే మొదట చెయ్యి పోవాల్సింది కాక్ మీదికే. ట్యాంకు మార్చి పంపు వేస్తే చాలాసార్లు మళ్లీ అందుకుంటుంది.

మూత సరిగ్గా బిగించకపోవడం ఇంకో కారణం. రెక్క పైన గాలి వేగంగా పోతూ పీల్చేస్తుంది, పెట్రోలు సన్నని ధారగా బయటికి పోతుంది. సెస్నాలో రెక్క మన తలపైన ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాడికి అది కనిపించదు. నింపినవాడు ఎవరైనా సరే, మూత పైలట్ తన చేత్తో తిప్పి చూసుకోవాలి.

లీటర్లు, గ్యాలన్లు, కిలోలు, పౌండ్లు కలిసిపోవడం కూడా ఉంది. విమానం పుస్తకం అమెరికా గ్యాలన్లలో ఉంటుంది, పోసేవాడు లీటర్లలో పోస్తాడు, బరువు లెక్క పౌండ్లలో కట్టాలి. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 ముళ్లు పనిచేయక కర్రతోనే కొలిచి బయల్దేరింది. కొలత సరైనదే. దాన్ని కిలోల్లోకి మార్చేటప్పుడు పౌండ్ల అంకె వాడారు. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా ఎగిరితే, దారి మధ్యలో గాల్లోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. గిమ్లీ అనే ఊరి పాత ఎయిర్‌బేస్‌లో తేలుతూ వచ్చి దిగారు, అందులో ఉన్న 69 మందీ బతికారు. అంత పెద్ద కంపెనీలో, అంతమంది చూసిన లెక్కలోనే ఇది జరిగింది.

ఇదంతా ఎక్కడో జరుగుతుందని అనుకోకండి. మన తిరుపతి వైపువాళ్లు పెద్దవాళ్లను అడిగితే 1993 నాటి సంగతి చెబుతారు. ఆ ఏడాది నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ అక్కడ సరిగ్గా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచాక రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ లోపలికి పోలేదు. ఫ్లాప్స్ బయట ఉంటే విమానం గాలిని మోసుకుంటూ పోయినట్టే. వేగంగా పోలేదు, ఎత్తుకు పోలేదు, తాగుడు మాత్రం ఎక్కువ. మద్రాసు తిరిగి చేరడానికి కట్టుకున్న లెక్క ఇక పనికిరాదు. చివరికి మద్రాసు అందదని తెలిసి తిరుపతి వైపు తిప్పారు, అదీ అందలేదు. మన వరి పొలాల్లోనే దింపారు. అందులో 262 మంది ఉన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. సినిమావాళ్లు కూడా ఉండటంతో రాష్ట్రమంతా ఆ వార్తే.

అందరూ ఆ వెంకటేశ్వరస్వామి దయ అన్నారు. నేనూ దండం పెట్టుకున్నాను. అదే సమయంలో నేర్పేవాడిగా నా మనసు ఇంకోచోట ఆగింది. ఫ్లాప్స్ ఇరుక్కున్న నిమిషానికి ట్యాంకులో ఉన్న పెట్రోలు మారలేదు, కానీ అది ఎన్ని నిమిషాలకు వస్తుందన్నది పూర్తిగా మారిపోయింది. నా ఎదురుగాలి చేసిందీ అదే. బయల్దేరేటప్పుడు కట్టిన లెక్క బయల్దేరే నిమిషం వరకే నిజం. గాలి మారినా, ఎత్తు మారినా, దారి మారినా కొత్తగా కట్టాలి. నా స్టూడెంట్లు అరగంటకొకసారి ప్యాడ్ మీద టైము, మిగిలిన నిమిషాలు రాయాల్సిందే. రాయకపోతే వెనక్కి తిప్పి తీసుకొచ్చేసేవాణ్ణి. కొంతమందికి కోపం వచ్చేది.

రేడియోలో ఏమనాలో కూడా మీ తమ్ముడికి తెలిసి ఉండాలి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా సంస్థ బోయింగ్ 707 ను వాతావరణం బాగాలేక మొత్తం 77 నిమిషాలు గాల్లో తిప్పి ఉంచారు. పెట్రోలు తక్కువగా ఉందని పైలట్లు చెప్పారు కానీ ఎమర్జెన్సీ అన్న మాట వాడలేదు. కింద ఉన్నవాళ్లకు తీవ్రత అర్థం కాలేదు. ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇప్పుడు దానికి స్పష్టమైన మాటలున్నాయి. ఇంకా ఆలస్యమైతే రిజర్వ్‌లో పడతానని అనిపిస్తే "మినిమమ్ ఫ్యూయల్" అనాలి. రిజర్వ్ తాకకుండా దిగలేనని తెలిస్తే "మేడే, మేడే, మేడే ఫ్యూయల్" అనాలి. మేడే అంటే ప్రమాదంలో ఉన్నామని చెప్పే రేడియో పిలుపు. మన పిల్లలకు మొహమాటం ఎక్కువ. పెద్ద విమానాలు వరుసలో ఉన్నాయి, నా చిన్న సెస్నా కోసం వాళ్లను ఆపమంటే ఏమనుకుంటారో అనుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మాట వినగానే కంట్రోలర్ దారి ఇస్తాడు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇక మీ అమ్మగారి అసలు భయం. ఇంజన్ ఆగితే? పెట్రోలు అయిపోయేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా ఆగదు. ఒకసారి దగ్గుతుంది, పుంజుకుంటుంది, మళ్లీ దగ్గుతుంది. తర్వాత గాలి శబ్దం ఒక్కటే మిగులుతుంది. సెస్నా 152లో వెంటనే ముక్కు కొంచెం దించి 60 నాట్ల వేగం పట్టుకోవాలి. ఆ వేగంలో ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు తేలుతుంది. మూడు వేల అడుగుల మీద ఉంటే నాలుగు నిమిషాలకు పైగా టైము, చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్ల మేర ఎక్కడైనా దిగొచ్చు. ముక్కు పైకెత్తి దూరం సాగదీద్దామని చూస్తే మాత్రం వేగం పడిపోయి విమానం కూలిపోతుంది. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా అక్కడే. రన్‌వే కనిపిస్తోంది, ఇంకొంచెం లాగితే అందుతుందనుకోవడం కూడా "సరిపోతుందిలే"నే.

మన జిల్లాల్లో ఎక్కడ దిగాలి? నేను స్టూడెంట్లతో ఎగురుతూ ఇదే ఆట ఆడేవాణ్ణి. "ఇప్పుడు ఆగింది, ఎక్కడ దిగుతావు?" అని. కాయ పీకేసిన వేరుశనగ చేను మొదటిది. గట్టిగా, చదునుగా ఉంటుంది. ఎండాకాలం నీళ్లు లేని చెరువు అడుగు కూడా మంచిదే. స్వర్ణముఖి ఇసుక పైనుంచి నున్నగా కనిపిస్తుంది కానీ మెత్తన, ముందు చక్రం దిగబడుతుంది. నీళ్లు పెట్టిన వరి మడి కూడా అంతే. చిన్న విమానం తల్లకిందులు కావచ్చు. అయినా దిగే వేగం గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్లే కాబట్టి భుజాల బెల్టు గట్టిగా ఉంటే బతుకుతారు. మామిడి తోటలు పైనుంచి పచ్చని దుప్పటిలా కనిపించి మోసం చేస్తాయి, కింద గట్టి మొదళ్లు. అన్నిటికంటే భయపడాల్సింది కరెంటు తీగలు. పైనుంచి తీగ కనిపించదు. ప్రతి బోరు షెడ్డుకూ తీగ వస్తుంది కాబట్టి షెడ్డు కనిపిస్తే తీగ ఉన్నట్టే లెక్క. స్తంభాల వరుస వెతుక్కోవాలి.

మీరు ఇంట్లో చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, ఎన్ని గంటలు ఎగిరావు" అని అడుగుతారు కదా, దాంతోపాటు "దిగేసరికి ఎన్ని నిమిషాల పెట్రోలు మిగిలింది?" అని కూడా అడగండి. నిమిషాల్లోనే చెప్పమనండి. తడుముకోకుండా అంకె చెబితే బాగా నేర్చుకుంటున్నట్టు. "బాగానే ఉందిలే అక్కా" అంటే మళ్లీ అడగండి. చెప్పేదాకా వదలకండి. అక్క అడుగుతుందని తెలిస్తే దిగాక కర్ర ముంచి చూసుకోవడం అలవాటవుతుంది.

అతను ఏ విమానం మీద నేర్చుకుంటున్నాడో మీరు రాయలేదు. సెస్నా 152, 172, పైపర్, లేదా డీజిల్ ఇంజన్ ఉన్న డైమండా? కనుక్కుని ఇక్కడే రాయండి. దాని కాక్ ఎలా తిప్పాలో, ట్యాంకులో ఎంత పెట్రోలు అందకుండా మిగిలిపోతుందో విడిగా రాస్తాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.